చివరి తనిఖీ కొన్నవాడిదే

షూటింగ్ రేంజ్‌లో పక్క బల్ల దగ్గర కూర్చున్న వ్యక్తి మొదట చూసేది నా టార్గెట్‌ను కాదు, నా రైఫిల్ మీద చెక్కి ఉన్న కంపెనీ పేరును. ఆ పేరు చవక రకానిదైతే ఆయన నొసలు కొద్దిగా ముడిపడుతుంది. కాసేపటికి ఒక సలహా కూడా వస్తుంది. కొంతకాలం ఆగి, ఇంకొంత డబ్బు కూడబెట్టుకొని మంచిది కొనుక్కోవలసిందట. ఈ సలహా ఇచ్చినవారిలో చాలామంది ఆ కంపెనీ రైఫిల్‌ను ఒక్కసారైనా పేల్చినవారు కారని రెండు మాటలు కలిపితే తెలిసిపోతుంది. వారికి తెలిసింది దాని పేరు, ఆ పేరుతో పాటు నోటి మాటగా వచ్చిన చెడ్డపేరు.

ఆ చెడ్డపేరు పూర్తిగా అబద్ధమని వాదించడానికి నేను కూర్చోలేదు. పదేళ్ళుగా చవకవీ, ఖరీదైనవీ రెండు రకాల రైఫిళ్ళూ వాడుతున్నాను. రెండింటి చేతిలోనూ దెబ్బ తిన్నాను. నా అభిప్రాయమల్లా ఒక్కటే: తుపాకులు వాడేవారు చవక రైఫిల్‌ను తిట్టవలసిన చోట తిట్టకుండా, తిట్టనవసరం లేని చోట తిడుతున్నారు. గురి గురించి, గొట్టం గురించి, డిజైన్ గురించి వారు అనే మాటల్లో పస చాలా తక్కువ. కంపెనీ డబ్బు ఎక్కడ మిగుల్చుకున్నది, దాని వల్ల ఏ పని కొన్నవాడి నెత్తిన పడింది అన్న ప్రశ్న మాత్రం నూటికి తొంభైమంది అడగరు.

ముందు చరిత్ర సంగతి చూద్దాం, ఎందుకంటే ఈ గొడవ ఇప్పటిది కాదు. వించెస్టర్ మోడల్ 70 రైఫిల్ 1936లో వచ్చింది. మౌజర్ పద్ధతిలో తూటా అంచును మొదటినుంచీ పట్టుకొని లోపలికి తీసుకువెళ్ళి, పేలాక ఖాళీ తొడుగును బయటికి లాగే పెద్ద ఎక్స్‌ట్రాక్టర్, చెక్క మీద చేతితో కోసిన గళ్ళ నగిషీ, నునుపు చేసిన ఉక్కు, వీటన్నిటికీ నిపుణుల శ్రమ చాలా పట్టేది. ఆ శ్రమకయ్యే ఖర్చు భరించలేక 1964లో కంపెనీ దాన్ని మార్చింది. పెద్ద ఎక్స్‌ట్రాక్టర్ పోయింది, కోసిన నగిషీ స్థానంలో అచ్చుతో ఒత్తిన నగిషీ వచ్చింది, గొట్టానికీ చెక్కకూ మధ్య కంటికి కనిపించేంత సందు మిగిలింది. కొనేవారు మండిపడ్డారు. అంతకుముందు తయారైన రైఫిళ్ళకు ‘ప్రీ సిక్స్‌టీ ఫోర్’ అన్న పేరు స్థిరపడి, ఈనాటికీ వాటి కోసం జనం ఎగబడుతూనే ఉన్నారు. తమాషా ఏమిటంటే, అప్పుడు అందరూ నవ్విన ఆ సందునే ఇప్పుడు ‘ఫ్రీ ఫ్లోటింగ్ బ్యారెల్’ అని గొప్పగా చెప్పుకుంటున్నాము. గొట్టం దేనికీ తగలకుండా ఉంటే ప్రతి తూటాకూ ఒకే తీరున కంపిస్తుంది గనుక ఆ సందు కావలసిందే.

వించెస్టర్‌తో పోటీలో గెలిచిన రెమింగ్టన్ 700 వంశవృక్షాన్ని చూస్తే ఇంకా చిత్రంగా ఉంటుంది. అది 1962లో వచ్చింది గాని, దాని మూలం 1948లో వచ్చిన 721, 722 మోడళ్ళలో ఉంది. ఆ రెండూ చవకగా తయారు చేయాలనే ఉద్దేశంతోనే పుట్టినవి. గొట్టం వెనక, తూటాను లోపలికి నెట్టి మూసే బోల్టు జారే భాగాన్ని రిసీవర్ అంటారు. రిసీవర్‌ను గుండ్రటి ఉక్కు కడ్డీ నుంచి లేతు మీద తిప్పి తీశారు; పేలుడు దెబ్బను చెక్కకు అందించే రీకాయిల్ లగ్‌ను రిసీవర్‌లో భాగంగా మలచకుండా, విడిగా ఒక మందపాటి వాషర్‌లా చేసి గొట్టానికీ రిసీవర్‌కూ మధ్య బిగించారు; ఎక్స్‌ట్రాక్టర్‌ను సన్నని ఉక్కు రేకుతో సరిపెట్టారు; ట్రిగ్గర్ గార్డును రేకు నుంచి ఒత్తి తీశారు. పాతకాలపు పనితనం చూసి పెరిగినవారికి అది నాటు సరుకులాగే కనిపించి ఉంటుంది. అయితే గుండ్రటి రిసీవర్ వంకర లేకుండా రావడం సులభం, వంకర లేని రిసీవర్ గురికి మంచిది. అదే యాక్షన్ (రిసీవర్, బోల్టు కలిసిన యంత్రభాగం) మీద 1966లో అమెరికా మెరీన్ దళం ఎం40 స్నైపర్ రైఫిల్‌ను, 1988లో సైన్యం ఎం24ను నిలబెట్టుకున్నాయి. ఒక తరం వారు చవకదనమన్నది తరువాతి తరానికి ప్రమాణమై కూర్చుంది.

సావేజ్ 110 కథ కూడా ఇటువంటిదే. 1958లో వచ్చిన ఈ రైఫిల్‌లో గొట్టాన్ని రిసీవర్‌కు ఒక నట్టుతో బిగిస్తారు. చూడటానికి ఆ నట్టు కుళాయి పనివాడు బిగించిన బిరడాలా ఉంటుంది, నిజమే. కాని బోల్టు ముఖం నుంచి, గొట్టం వెనక తూటా కూర్చునే ఛాంబర్‌లో ఆ తూటాను ముందుకు పోనీయకుండా ఆపే చోటుదాకా ఉండవలసిన కొలతను, అంటే హెడ్‌స్పేస్‌ను, మామూలుగా అనుభవజ్ఞుడైన పనివాడు అరగదీస్తూ, కొలుస్తూ కుదర్చవలసి ఉంటుంది. నట్టు ఉంటే తూటా ఆకారపు కొలత దిమ్మను, అంటే గేజ్‌ను, లోపల పెట్టి, గొట్టాన్ని అది ఆనేదాకా తిప్పి, నట్టు బిగిస్తే పని అయిపోతుంది. ఖర్చు తగ్గింది, కొలత మరింత కచ్చితంగా వచ్చింది. రూగర్ 2012లో అమ్మకానికి పెట్టిన ‘అమెరికన్’ రైఫిల్‌లోనూ గొట్టాన్ని బిగించేది నట్టే.

గొట్టం విషయానికి వస్తే, జనానికి తెలియని విషయం ఒకటి ఉంది. రైఫిల్‌లో గురికి అన్నిటికన్నా ముఖ్యమైన ఆ భాగాన్ని తయారు చేయడం, యంత్రం కొని పెట్టుకున్నాక, పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. కోల్డ్ హ్యామర్ ఫోర్జింగ్ పద్ధతిలో, తూటాను గిరగిర తిప్పే గాళ్ళు తిరగేసి చెక్కిన ఒక గట్టి కడ్డీని గొట్టం లోపల పెట్టి, బయటినుంచి నలువైపులా సుత్తులతో మోదుతారు. కొద్ది నిమిషాల్లో లోపలి గాళ్ళతో సహా గొట్టం తయారవుతుంది. బటన్ రైఫ్లింగ్‌లో అయితే, గట్టి లోహపు గుబ్బను రంధ్రం గుండా లాగడంతో గాళ్ళు ఒత్తుకుంటాయి. రెండింటిలోనూ యంత్రానిదే ప్రధాన పాత్ర, యంత్రానికి చవకదీ ఖరీదైనదీ అన్న తేడా తెలియదు. ఫిన్లండ్‌లో టిక్కా రైఫిళ్ళూ, వాటికన్నా ఎంతో ఖరీదైన సాకో రైఫిళ్ళూ ఒకే ఫ్యాక్టరీ నుంచి వస్తాయి. జపాన్‌లోని హోవా తన పేరుతో అమ్మే 1500 యాక్షనే వెదర్‌బీ వ్యాన్‌గార్డ్‌గానూ అమ్ముడవుతుంది. మనిషి చేయి పడవలసిన పనులే ఇప్పటికీ ఖరీదైనవి: మెరుగు పెట్టడం, చెక్కను అమర్చడం, బోల్టు జారేదాకా అరగదీయడం, ఒక్కొక్క రైఫిల్‌ను పట్టి చూడడం. చవక కంపెనీ కోత పెట్టేది అక్కడే. బోల్టు వెనక్కి లాగితే ఇసుకలో గరిట తిప్పినట్టు గరగరమంటుంది, చెక్కకు బదులు వేసిన ప్లాస్టిక్ స్టాక్ తడితే డబ్బాలా మోగుతుంది. చేతికి తగిలిన ఆ గరుకుదనాన్ని మనసు గురికి కూడా అంటగట్టేస్తుంది.

అందుకే గురిని కొలిచి చూడాలనుకున్నాను. మూడు తూటాలు పేల్చి, అవి దగ్గరగా పడ్డ కాగితాన్ని జేబులో పెట్టుకు తిరగడం మా వాళ్ళలో పెద్ద జబ్బు. లెక్క ప్రకారం చూస్తే, తూటాల చెల్లాచెదురును ప్రామాణిక విచలనంతో కొలిచినప్పుడు, మూడు తూటాల గ్రూపు (కాగితం మీద అవి పడిన గుంపు) వెడల్పు సగటున దానికి సుమారు 2.4 రెట్లు ఉంటుంది. పది తూటాల గ్రూపు అయితే 3.8 రెట్లు. అంటే మూడు తూటాలతో సగటున అంగుళం చూపించే రైఫిల్, ఏ లోపమూ లేకుండానే, పది తూటాలతో అంగుళంన్నర దాటుతుంది. అదైనా సగటు మాత్రమే. మూడు తూటాల గ్రూపు ఒకసారి అరంగుళం, మరోసారి అంగుళంన్నర రావడం మామూలు. ఖరీదైన రైఫిల్ యజమాని ఆ అరంగుళాన్ని రైఫిల్ ఖాతాలో వేసి, అంగుళంన్నరను తన చేతి పొరపాటుగా కొట్టేస్తాడు. చవక రైఫిల్ యజమాని లెక్కను సరిగ్గా తిరగేస్తాడు.

నా దగ్గర ఉన్న ఒక ఖరీదైన బోల్ట్ యాక్షన్‌తోనూ, ఒక చవక దానితోనూ, ఒకే రకం తూటాలతో, నూరు గజాల దూరం నుంచి, ఒక్కొక్కదానితో పదేసి తూటాల గ్రూపులు నాలుగు చొప్పున పేల్చాను. గొట్టాలు సన్నవి గనుక ప్రతి ఐదు తూటాలకూ చల్లారనిచ్చాను; ఒక మధ్యాహ్నమంతా దానికే పోయింది. ఖరీదైన దాని సగటు ఒకటి పాయింటు నాలుగు అంగుళాలు, చవక దాని సగటు ఒకటి పాయింటు ఆరు. తేడా లేదనను. కాని ఆ రెండు కాగితాల కట్టలనూ పేర్లు చెప్పకుండా నా మిత్రుడి ముందు పెడితే ఆయన తప్పుగా ఊహించాడు, అదీ పూర్తి నమ్మకంతో.

మరి ఆ చవక రైఫిల్ మొదటి రోజు ఏం చేసిందో కూడా చెప్పాలి, లేకపోతే నేను దాని వకాలతు పుచ్చుకున్నట్టవుతుంది. అది పెట్టెలోంచే స్కోప్ (గురి చూసే దుర్భిణి) బిగించి వచ్చిన ప్యాకేజీ రైఫిల్. మొదటి ఐదు తూటాలూ అరచేతి వెడల్పులో పడ్డాయి, తరువాతివి ఇంకో చోటికి వెళ్ళిపోయాయి. చూస్తే, స్కోప్ రింగుల స్క్రూలలో ముందు రెండూ వేలితో తిప్పితే తిరుగుతున్నాయి. వాటిని విప్పి, నూనె తుడిచి, టార్క్ స్క్రూడ్రైవర్‌తో సమంగా బిగించాను. గ్రూపు సగానికి సగం తగ్గింది. ఇంకా ఏదో మిగిలింది. చివరికి ఒక కాగితం ముక్కను గొట్టం కింద చెక్క ఉండవలసిన చోట, అంటే ఇక్కడ ప్లాస్టిక్ ఉన్న చోట, దూర్చి ముందునుంచి రిసీవర్ దాకా లాగి చూశాను. ఎక్కడా తట్టుకోకుండా జారింది. అదే రైఫిల్‌ను బైపాడ్ మీద, అంటే ముందువైపు బిగించే రెండు కాళ్ళ ఆసరా మీద పెట్టి, భుజంతో కొద్దిగా ముందుకు నొక్కి, మళ్ళీ లాగితే, కాగితం కొసలో పట్టేసింది. ప్లాస్టిక్ ముందు భాగం బరువుకు వంగి గొట్టాన్ని తాకుతోంది. బైపాడ్ తీసేసి, ముందు సంచి మీద, రిసీవర్‌కు దగ్గరగా ఆన్చి పేల్చాను. పైన చెప్పిన కొలత ఆ తరువాతదే. గొట్టానిది ఏ తప్పూ లేదు. స్టాక్ పలచన, స్క్రూ వదులు. అయితే మొదటి ఐదు తూటాలు చూసి దాన్ని అమ్మేసేవాడు, అది పనికిమాలినదని ఊరంతా చెప్పేవాడు, వాడిది మాత్రం అబద్ధమని ఎలా అనగలను?

నిజంగా చెడ్డపేరుకు తగిన చవక రైఫిళ్ళూ ఉన్నాయి. రెమింగ్టన్ 2001లో తెచ్చిన 710 అందుకు ఉదాహరణ. గొట్టాన్ని మరలతో బిగించకుండా రిసీవర్‌లోకి ఒత్తిపెట్టారు. బోల్టు జారే దారికి లోపల ప్లాస్టిక్ తొడుగు వేశారు. గొట్టం అరిగితే మామూలు పద్ధతిలో మార్చుకునే వీలు లేదు, తొడుగు అరిగితే బోల్టు ఆడుతుంది. సావేజ్ నట్టు ఖర్చును తగ్గిస్తూ పనిని మెరుగుపరిచింది. 710 ఖర్చును తగ్గిస్తూ రైఫిల్ ఆయువును తగ్గించింది. తెలివైన పొదుపుకూ పిసినారితనానికీ ఉన్న తేడా ఇదే. దాని స్థానంలో 2007లో 770 వచ్చింది, 2013లో దాదాపు కొత్త డిజైనుతో 783 వచ్చింది. 783లో గొట్టాన్ని బిగించేది, మళ్ళీ, నట్టు.

పేలుడు గ్యాస్ బలంతో తనంతట తానే తరువాతి తూటాను ఎక్కించుకునే ఏఆర్-15 రైఫిళ్ళ లోకంలో ఈ వాదన మరో రూపం తీసుకుంటుంది. ఆర్మలైట్ నుంచి 1959లో కోల్ట్ ఆ డిజైను హక్కులు కొన్నది. గ్యాస్ పద్ధతి మీద ఉన్న పేటెంట్ 1977లో ముగిసింది. అప్పటినుంచి పేటెంట్ అడ్డు లేకుండా ఏ కంపెనీ అయినా తయారు చేయవచ్చు. రిసీవర్లకు కావలసిన 7075 రకం అల్యూమినియం ఫోర్జింగులను, అంటే అచ్చులో కొట్టి తీసిన ముడి ముక్కలను, తయారు చేసే కార్ఖానాలు మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్నే. పది కంపెనీల రిసీవర్లు ఒకే కార్ఖానా ముద్రతో రావడం అందరూ చూస్తున్నదే. అయినా యాండర్సన్ రిసీవర్ మీది గుర్రం బొమ్మను చూసి ‘పావర్టీ పోనీ’ అంటారు, అంటే పేదరికపు గుర్రప్పిల్ల. ఈ పేరు రిసీవర్ నాణ్యత గురించి ఏమీ చెప్పదు, కొన్నవాడి జేబు గురించి చెబుతుంది. చవక రైఫిళ్ళ మీది వెటకారంలో ఎంత భాగం లోహానికి చెందినదో, ఎంత భాగం హోదాకు చెందినదో ఆ ఒక్క పేరుతోనే తెలిసిపోతుంది.

కాని ఏఆర్‌లో అసలు విషయం రిసీవర్ కాదు, బోల్టూ, దాన్ని మోసుకొని ముందుకూ వెనక్కూ జారే క్యారియరూ. సైనిక ప్రమాణం ప్రకారం ప్రతి బోల్టునూ అధిక పీడనపు తూటాతో పరీక్షించి, తరువాత అయస్కాంతీకరించి, మెరిసే ఇనుప రజను కలిపిన ద్రవం పోసి, అతినీలలోహిత కాంతిలో చూస్తారు. కంటికి కనబడని బీటలు అప్పుడు గీతల్లా వెలుగుతాయి. ఆ తనిఖీకి మనిషి కావాలి, సమయం కావాలి. చవక కంపెనీలు కొన్ని ఒక బ్యాచ్ నుంచి కొన్నింటినే పరీక్షిస్తాయి, కొన్ని అసలు ఏం చేస్తాయో చెప్పవు. వారి బోల్టులన్నీ విరుగుతాయని దీనికి అర్థం కాదు. విరిగే ఆ ఒక్కటి కార్ఖానాలో దొరుకుతుందా, నా చేతిలో దొరుకుతుందా అన్నదే తేడా.

నాకు దొరికినది బోల్టు కాదు, గ్యాస్ కీ: గొట్టం నుంచి వచ్చే గ్యాస్‌ను క్యారియర్‌లోకి పంపే చిన్న ముక్క. పేరు చెప్పనవసరం లేని ఒక చవక కంపెనీ రైఫిల్, సుమారు రెండు వందల తూటాలు బుద్ధిగా పేలి, ఆ తరువాత ఖాళీ తొడుగులను సగం దూరం లాగి వదిలేయడం మొదలుపెట్టింది. తూటాల మీద అనుమానపడ్డాను, మ్యాగజైన్ మార్చాను, నూనె పోశాను. చివరికి క్యారియర్ బయటికి తీసి, పైన ఉన్న గ్యాస్ కీని బొటనవేలితో నెడితే అది కదిలింది. దాన్ని పట్టి ఉంచే రెండు స్క్రూలు వదులు కాకుండా, వాటి తలల పక్కన లోహాన్ని పంచ్‌తో కొట్టి స్క్రూ మీదికి తోయాలి. దీన్నే స్టేకింగ్ అంటారు. నా దాంట్లో ఒక వైపు గోటితో గీసినంత గాటు ఉంది, రెండో వైపు అదీ లేదు. అక్కడినుంచి గ్యాస్ కారిపోతుంటే క్యారియర్‌ను పూర్తిగా వెనక్కి నెట్టే బలం మిగలలేదు. రెండు స్క్రూలు, నాలుగు సుత్తి దెబ్బలు: కంపెనీ మిగుల్చుకున్నది అంతే.

ఇంకో పొదుపు ఉంది, అది బయటికి మంచితనంలా కనిపిస్తుంది. చవక ఏఆర్‌లలో గొట్టానికి గ్యాస్ రంధ్రాన్ని కావలసినదానికన్నా పెద్దదిగా తొలుస్తారు. బలహీనమైన చవక తూటాలతో కూడా రైఫిల్ ఆగకుండా పనిచేయాలి, వాపసు వచ్చే ఫిర్యాదులు తగ్గాలి. దాని వల్ల మామూలు తూటాలతో బోల్టు మరీ వేగంగా వెనక్కి కొడుతుంది, కుదుపు పెరుగుతుంది, ఎక్స్‌ట్రాక్టర్ మీదా బోల్టు పళ్ళ మీదా ఒత్తిడి పెరుగుతుంది. కొన్న కొత్తలో ‘ఒక్కసారి కూడా ఆగలేదు’ అని మురిసిపోయే యజమాని, ఐదు వేల తూటాల తరువాత సంగతి చెప్పడు, ఎందుకంటే చాలామంది అంత దూరం వెళ్ళరు. క్యారియర్ వెనక దెబ్బను ఆపే బఫర్ అనే దిమ్మను బరువైనది వేసుకుంటే కొంత సర్దుకుంటుంది. పెద్ద పేరున్న కంపెనీలు కూడా ఇలా తొలుస్తాయి గాని, దాన్ని తక్కువమందే గమనిస్తారు.

పెద్ద పేరు అనగానే ఒకటి గుర్తుకొస్తుంది. రెమింగ్టన్ 700, మోడల్ సెవెన్ రైఫిళ్ళలో 2006 మే నుంచి 2014 ఏప్రిల్ వరకు తయారైన ఎక్స్-మార్క్ ప్రో ట్రిగ్గర్లను కంపెనీ వెనక్కి పిలిపించింది. జోడించేటప్పుడు వాడిన బంధక పదార్థం కొన్నింటిలో ఎక్కువై, ట్రిగ్గర్ లాగకుండానే పేలే అవకాశం ఉన్నదని ప్రకటించింది. సైన్యం నమ్మిన యాక్షన్, దశాబ్దాల పేరు, లోపం మాత్రం జిగురు చుక్క ఒకటి ఎక్కువ పడడం. ఇది చవక రైఫిల్‌లో జరిగి ఉంటే ‘మేము ముందే చెప్పాం’ అనేవారు. 700లో జరిగింది గనుక ‘దురదృష్టం’ అన్నారు.

కాబట్టి ఎవరైనా అడిగితే నేను ఇచ్చే జవాబు ఇద్దరినీ కొంచెం నొప్పిస్తుంది. ఏడాదికి రెండు పెట్టెల తూటాలు పేల్చి, ఒక జింకను వేటాడి, రైఫిల్‌ను అల్మరాలో పెట్టుకునేవాడు రూగర్ అమెరికన్, సావేజ్ యాక్సిస్ లాంటి చవక రైఫిళ్ళ కన్నా ఎక్కువ డబ్బు పెడితే, అది అతని ముచ్చట. గురి కోసం పెట్టానని మాత్రం చెప్పకూడదు. తిరగబడే జంతువు ఎదుటికి వెళ్ళేవాడికీ, ఉద్యోగరీత్యా రైఫిల్ మీద ప్రాణం పెట్టుకునేవాడికీ నా సలహా వేరు: తనిఖీకి కూడా డబ్బు ఇచ్చి కొనండి, ఎందుకంటే మీ తనిఖీలో తేలని లోపం ఎప్పుడు బయటపడుతుందో ఎంచుకునే అవకాశం మీకు ఉండదు. ఇక చవకది కొని, పెట్టెలోంచి తీసి నేరుగా బల్ల మీదికి వెళ్ళేవాడితో నాకు పేచీ ఉంది. కంపెనీ చేయని పనికి అతను డబ్బు కట్టలేదు. ఆ పని తనకు వచ్చిందని అతనికి ఎవరూ చెప్పనూ లేదు. తుపాకుల కంపెనీలు పెట్టెలో వేసే పుస్తకంలో హెచ్చరికలు పేజీల కొద్దీ ఉంటాయి గాని, ‘స్కోప్ స్క్రూలు ఒకసారి చూసుకోండి’ అన్న వాక్యం నాకు ఇంతవరకు కనబడలేదు.

గ్యాస్ కీ వదులైన ఆ రైఫిల్ ఇంకా నా దగ్గరే ఉంది. తుపాకులు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గర కొత్త స్క్రూలు వేయించి, రెండు వైపులా గట్టిగా స్టేక్ చేయించాను. ఆయన పని ముగించి, క్యారియర్‌ను దీపం కింద తిప్పి చూసి, “ఇది ఏ కంపెనీ?” అని అడిగాడు. చెప్పాను. “లోహం బాగానే ఉందే” అని, ఇంకేదో అనబోయి ఊరుకొని, డబ్బు ఎంతో చెప్పాడు. రెండు వేల తూటాలు దాటాయి. శుభ్రం చేసేటప్పుడల్లా ఆ కీని బొటనవేలితో ఒకసారి నెట్టి చూస్తాను. ఖరీదైన రైఫిల్‌లోనూ నెట్టి చూస్తాను.